హనన్యా రెండేళ్లు, యిర్మీయా డెబ్బై ఏళ్లు

డిసెంబరు వస్తోందంటే చాలు, బెజవాడ, గుంటూరు విశ్వాసుల ఫోన్లలో ఒక వచనం తిరగడం మొదలవుతుంది. యిర్మీయా 29:11. బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు ప్రవక్త యిర్మీయా యెరూషలేము నుంచి రాసిన ఉత్తరంలోది. వెనక సూర్యోదయం, కింద సంఘం పేరు, పక్కన పాస్టరుగారి ఫొటో, మధ్యలో "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా" అన్న మాటలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలోంచి తీసుకునే వాగ్దానపు కార్డుల్లోనూ చాలామంది తమ చేతికి రావాలని కోరుకునేది ఈ వచనమే. వచనం మంచిదే. దాని పైనున్న వచనాన్ని వదిలేసి పంపడంతోనే నాకు పేచీ. బబులోనులో డెబ్బై ఏళ్లు నిండాక మిమ్మల్ని వెనక్కి తీసుకొస్తానని పదో వచనం చెబుతోంది. యిర్మీయా ఉత్తరాన్ని చెరలో ఉన్నవాళ్లకు చదివి వినిపించిన రోజున నలభై ఏళ్లున్న మనిషి మళ్లీ తన ఊరు చూసే వీలు లేదు. నిరీక్షణ మాట ఆ మనిషిని కూడా ఉద్దేశించి రాసిందే.

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఈ నాలుగు ఆదివారాల్లో, అంటే ఆగమన కాలంలో, మన గుళ్లలో వినపడాల్సిన నిరీక్షణ, ఆ డెబ్బై ఏళ్లను దాచిపెట్టనిదై ఉండాలని నా వాదన. దాచిపెడితే డిసెంబరు అంతా సంబరంగానే గడుస్తుంది. జనవరి రెండో వారానికి అప్పులవాడు గుమ్మం దగ్గర నిలబడినప్పుడు మాత్రం ఆ వచనం చేతికి అందదు.

రెండు మొదటి ఆదివారాలు

నవంబరు 30కి ఏ ఆదివారం దగ్గరైతే ఆ రోజున ఆగమన కాలం మొదలవుతుంది. 2023లో అది డిసెంబరు 3న వచ్చింది. ఆ రోజు కథోలిక గుళ్లలో చదివిన సువార్త మార్కు 13వ అధ్యాయంలోని చివరి మాటలు: ఇంటి యజమాని సాయంకాలం వస్తాడో, అర్ధరాత్రి వస్తాడో, కోడికూసే వేళకు వస్తాడో తెలియదు, మెలకువగా ఉండండి. రెండు రోజులకు, డిసెంబరు 5న, మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకోసి పనల మీదున్న వరి నీళ్లలో నానింది. ఆ ఏడు మన పల్లెల్లో చాలామంది రైతులకు, అంతకంటే ఎక్కువగా కౌలుదార్లకు, పండగ బట్టల డబ్బు ఆ చేలల్లోనే పోయింది.

మరుసటి ఏడు, 2024లో, మొదటి ఆదివారం డిసెంబరు 1. బుడమేరు వాగు విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీల మీద పడింది సెప్టెంబరు 1 ఆదివారం. అదే వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. సరిగ్గా మూడు నెలల తరవాత విజయవాడ కథోలిక గుళ్లలో చదివింది లూకా 21వ అధ్యాయం. సముద్రపు హోరుకు జనాలు కలవరపడతారు, లోకం మీదికి ఏం రాబోతోందోనని భయంతో కూలిపోతారు, ఇవన్నీ మొదలైనప్పుడు తలలెత్తుకోండి, మీ విడుదల దగ్గరపడింది. గోడల మీద నీటి గుర్తు ఇంకా చెరగని ఇళ్ల నుంచి వచ్చి ఆ బల్లల మీద కూర్చున్నవాళ్లకు ఈ మాటలు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఆ పాఠాల వరస బెజవాడ కోసం ఎవరూ కూర్చి పెట్టింది కాదు. మూడేళ్లకోసారి తిరిగి వచ్చే ఆ క్రమం 1969లో రోములో ఖరారైంది. మత్తయి ఏడు, మార్కు ఏడు, లూకా ఏడు. మూడింటిలోనూ మొదటి ఆదివారం లోకాంతం గురించిన మాటలే. రెండో వారం, మూడో వారం బాప్తిస్మమిచ్చు యోహాను వస్తాడు. అతనూ కఠినంగా మాట్లాడేవాడే. మరియ, యోసేపు నాలుగో ఆదివారానికి గాని రారు. నాకు ఈ వరసలో గొప్ప నిజాయితీ కనిపిస్తుంది. సంఘం తన కొత్త సంవత్సరాన్ని భయంతో మొదలుపెడుతోంది. దేవదూతల పాట దగ్గరికి వెళ్లాలంటే ముందు ఆ భయం గుండా నడవాలి.

మన స్వతంత్ర సంఘాల్లో, పెంతెకోస్తు సంఘాల్లో పాఠాల క్రమం ఉండదు. ఆ వారం ఏం చెప్పాలో పాస్టరుగారి ఇష్టం. ఆ స్వేచ్ఛలో లాభం ఉంది; ఊళ్లో ఏం జరిగిందో దాని మీదే అప్పటికప్పుడు వాక్యం చెప్పొచ్చు. కానీ డిసెంబరు మొదటి ఆదివారానికే "మనకు శిశువు పుట్టెను" ఎత్తుకుంటే, భయపడుతూ వచ్చినవాడి భయాన్ని ఎవరూ ముట్టుకోకుండానే నెల గడిచిపోతుంది.

ఆమేన్ అన్న ప్రవక్త

కార్డు మీది వచనానికి ముందు అధ్యాయం, 28వది, ఆగమన కాలంలో చదవాలని ఎవరూ చెప్పరు. నేను మాత్రం మొదటి వారం అదే చదవమంటాను. పదిహేడు వచనాలే, పైకి చదివితే నాలుగైదు నిమిషాలు.

మొదటి విడత చెర అప్పటికే వెళ్లిపోయింది. యెరూషలేములో రాజుగా సిద్కియా ఏలుతున్నాడు. యిర్మీయా మెడమీద కర్రకాడి పెట్టుకుని దేవాలయంలో నిలబడ్డాడు, బబులోనుకు లోబడక తప్పదని చెప్పడానికి. హనన్యా అనే ప్రవక్త అందరి ముందుకూ వచ్చి రెండేళ్లలోపు అంతా సర్దుకుంటుందన్నాడు. మందిరపు పాత్రలు తిరిగొస్తాయి, చెరలో ఉన్న మునుపటి రాజు యెకొన్యా తిరిగొస్తాడు, చెరపట్టుకుపోయినవాళ్లంతా తిరిగొస్తారు. చెప్పి, యిర్మీయా మెడమీది కాడి తీసి విరిచేశాడు. జనం ఎంత సంబరపడి ఉంటారో ఊహించడం కష్టం కాదు.

ఈ అధ్యాయంలో నన్ను ఆపేసే చోటు యిర్మీయా మొదటి జవాబు. "ఆమేన్" అన్నాడు. యెహోవా అలాగే చేయునుగాక అన్నాడు. హనన్యా చెప్పింది జరగాలని యిర్మీయాకూ ఉంది. మంచి జరగడం ఇష్టం లేక కష్టం గురించి మాట్లాడే మనిషి కాడతను. కాడి విరిచినప్పుడు వాదించకుండా తన దారిన తాను వెళ్లిపోయాడు. దేవుడు మళ్లీ మాట్లాడాకే తిరిగొచ్చి చెప్పాడు: కర్రకాడి విరిచావు, దాని బదులు ఇనపకాడి వస్తుంది.

హనన్యా విగ్రహాలకు మొక్కమనలేదు. దేవుడి పేరుతోనే, దేవుడి మందిరంలోనే మాట్లాడాడు. అతని తప్పల్లా గడువు తగ్గించడం. డెబ్బై ఏళ్ల పనికి రెండేళ్లు చాలన్నాడు. ఆ మాట నమ్మినవాళ్లు బబులోనులో ఇల్లు కట్టుకోరు, చెట్టు నాటరు, పిల్లకు పెళ్లి చెయ్యరు. పెట్టె సర్దుకుని కూర్చుంటారు. అందుకే 29వ అధ్యాయంలో ఉత్తరం ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం బాగు కోరండి అని మొదలవుతుంది. ఆ తరవాతే పదకొండో వచనం.

సెమీ క్రిస్మస్ మాట

ఇక్కడ నాకు ఎదురయ్యే ప్రశ్న బలమైనది. దాన్ని తేలిగ్గా దాటలేను.

మన దగ్గర సెమీ క్రిస్మస్, అంటే పండగకు ముందే జరుపుకునే క్రిస్మస్ వేడుక, నవంబరు చివర్లోనే మొదలవుతుంది. కాలేజీల్లో, ఆఫీసుల్లో, అపార్టుమెంట్లలో, పార్టీ కార్యాలయాల్లో కేకు కోస్తారు. స్త్రీల సమాజం వాళ్లది ఒకటి, యూత్‌ది ఒకటి, సండే స్కూలుది ఒకటి. ఆగమన కాలం కాస్తా సెమీ క్రిస్మస్‌లో కలిసిపోతుంది. దీన్ని తప్పుపట్టే పెద్దమనుషులు ప్రతి సంఘంలో ఉంటారు. వాళ్లకు వచ్చే జవాబు ఇది: మన సంఘాల్లో అధిక భాగం మాలపల్లె, మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్లు. తరతరాలుగా ఊరి బయట నిలబడి కనిపెట్టుకుని ఉన్నవాళ్లే. వీధిలో తమ స్టారు, తమ పాట, తమ కేకు, ఊరి పెద్దలు తమ గుడికి రావడం, ఇవన్నీ కలిసి దొరికే నెల ఒక్కటే. వాళ్లకు నువ్వెవరు "కనిపెట్టుకుని ఉండండి" అని నేర్పడానికి?

ఈ మాటలో నిజం ఉంది. ఊదారంగు బట్టలు, మౌనం, నిగ్రహం అనే ఆగమన కాలపు పద్ధతి కడుపు నిండిన దేశాల్లో స్థిరపడింది. ఏడాదంతా ఉపవాసంలాగే బతికేవాళ్ల మీద ఇంకో నిగ్రహం రుద్దడం ధర్మం కాదు. సెమీ క్రిస్మస్‌లో బిరియాని పొట్లం, చీర, దుప్పటి అందుకునే వృద్ధురాలి ఆనందం, ఆకలిగొన్నవాళ్లను దేవుడు తృప్తిపరిచాడని మరియ పాడిన పాటకు దూరమైనదేమీ కాదు.

అయినా నా పట్టు వదలను. ఎందుకంటే హనన్యా గొంతు ఎక్కువగా వినిపించేది ఆ వేదిక మీదే. కేకు కోసిన ప్రతి నాయకుడూ మైకు తీసుకుని ఒక మాట ఇస్తాడు, ఏటా అదే మాట: దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా వచ్చేస్తుంది. లెక్క చూద్దాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుల తరఫున సుప్రీంకోర్టులో 2004లో పిటిషన్ పడింది. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసి పంపింది. 1950లో పుట్టిన బిడ్డ ఇప్పుడు మునిమనవలను ఎత్తుకునే వయసులో ఉంది. ఇది కూడా డెబ్బై ఏళ్లు దాటిన ఎదురుచూపే. దీని గురించి "ఈ క్రిస్మస్‌కే" అని చెప్పేవాడు జనాన్ని ఓదార్చడం లేదు, వాళ్ల పోరాటాన్ని నిద్రపుచ్చుతున్నాడు. అదే వేదిక మీద, అదే కేకు ముందు, ఈ తేదీలను వరసగా చదివి, ఇది ఇంత పొడుగు దారి, మనం ఇక్కడిదాకా వచ్చాం, పిల్లలకు కాగితాలు అప్పజెప్పి ముందుకు నడుద్దాం అని చెప్పగల సంఘపెద్ద ఒక్కడున్నా ఆ సభ ఆగమన కాలపు సభే అవుతుంది. కేకు తీసెయ్యక్కర్లేదు.

దూరపు ఉదాహరణ ఒకటి. 2023 డిసెంబరులో, గాజా యుద్ధం నడుస్తుండగా, బేత్లెహేములో బహిరంగ వేడుకలు మానేశారు. అక్కడి లూథరన్ గుడిలో పశువుల తొట్టి బదులు విరిగిన సిమెంటు దిమ్మల కుప్ప పేర్చి, దాని మధ్య బాలయేసు బొమ్మను పడుకోబెట్టారు. వేడుక లేదు, ఆరాధన ఉంది. పండగ మానేసినవాళ్లు నిరీక్షణ మానలేదు. గుంటూరు లూథరన్లకు ఆ గుడి ఒకరకంగా బంధువుల గుడి. ఆ బొమ్మ మన సండే స్కూలు పిల్లలకు చూపించదగ్గది.

ముట్టడిలో దస్తావేజు

డెబ్బై ఏళ్లని చెప్పేసి ఊరుకుంటే అది నిరీక్షణ కాదు, జోస్యం. యిర్మీయాను హనన్యా నుంచి వేరుచేసేది 32వ అధ్యాయం.

బబులోను సైన్యం యెరూషలేము గోడల దాకా దిబ్బలు పోసింది. ఊళ్లో కరవు. యిర్మీయా చెరసాల ప్రాకారంలో ఖైదు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో ఉన్న పొలం కొనమన్నాడు. అనాతోతు యెరూషలేముకు నాలుగైదు కిలోమీటర్లు. అప్పటికి శత్రువు చేతికింద ఉన్న నేల. దాని ధర సున్నా అనుకోవచ్చు. యిర్మీయా 17 తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాశాడు, ముద్ర వేశాడు, సాక్షుల చేత సంతకాలు చేయించాడు. రెండు ప్రతులు: ఒకటి ముద్రవేసింది, ఒకటి తెరిచి ఉంచింది. రెండూ అందరి ఎదుటా తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం చెడకుండా ఉండేలా మట్టికుండలో పెట్టమన్నాడు. ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ మళ్లీ కొంటారు అన్నది ఆ దస్తావేజు చెప్పిన వాక్యం.

భూమి కాగితం అంటే ఏమిటో మన రెండు జిల్లాలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు పడిగాపులు, ఈసీ తీయించడం, లింకు డాక్యుమెంట్లు, సాక్షుల వేలిముద్రలు అన్నీ తెలుసు. 2015లో రాజధానికి భూమి ఇచ్చిన తుళ్లూరు, మందడం రైతులు తెల్లారి లేస్తే అడిగేది వాళ్ల ప్లాటు సంగతే. మనం భూమి కొనేది ధర పెరుగుతుందని. యిర్మీయా పెరిగే ధర కోసం కొనలేదు. తన పక్కన ఉన్నవాళ్లు రేపు మర్చిపోకుండా, దేవుడి మాటకు ఒక కాగితం పుట్టించడానికి కొన్నాడు. ఆ పొలాన్ని అతను ఎన్నడూ దున్నలేదు. ఊరు కూలాక అతన్ని ఐగుప్తుకు ఈడ్చుకుపోయారు.

ఇంకో సంగతి, చాలామంది చూడకుండా దాటేసేది. దస్తావేజు బారూకు చేతిలో పెట్టాక యిర్మీయా ప్రార్థనకు కూర్చున్నాడు. ఆ ప్రార్థన చివరికి అనుమానంగా మారింది: దిబ్బలు ఊరిదాకా వచ్చాయి, ఊరు కల్దీయుల (బబులోనువాళ్ల) చేతికి పోతోంది, అయినా నువ్వు నన్ను డబ్బిచ్చి పొలం కొనమన్నావే! డబ్బు ముందు కట్టాడు, సందేహం తరవాత అడిగాడు. మనలో విశ్వాసం ఉందా లేదా అని లోపల వెతుక్కుంటూ కూర్చునేవాళ్లకు ఈ వరస మేలు చేస్తుంది. మనసు కుదుటపడ్డాక పని మొదలెడదాం అనుకుంటే ఏ ముట్టడిలోనూ పని మొదలవదు.

నిరీక్షణ పేదవాణ్ణి జోకొట్టే మందు అన్న నింద పాతది, కొట్టిపారేయలేనిది. హనన్యా చేతిలో అది మందే. ఏది ఏదో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే: ఆ నిరీక్షణ వల్ల ఎవరైనా డబ్బు, శ్రమ, కాగితం ఎక్కడైనా పెట్టారా? ఆనా శారా కుగ్లర్ అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ, వైద్యురాలు. 1883లో గుంటూరు వచ్చినప్పుడు మిషన్ బోర్డు ఆమెను వైద్యం కోసం పంపలేదు, ఆ పనికి బోర్డు ఇంకా సిద్ధంగా లేదు. అయినా రోగులను చూస్తూ వచ్చింది. ఆసుపత్రి తలుపులు తెరిచింది 1898లో. పదిహేనేళ్లు. 1930లో చనిపోయేదాకా ఇక్కడే ఉంది. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఆ తరవాత తీరం వెంట సర్కారూ, చర్చిల సహాయ సంస్థలూ తుఫాను షెల్టర్లు కట్టించాయి. హెచ్చరిక రాగానే జనాన్ని కదిలించే పద్ధతి వచ్చింది. 1990 మే తుఫాను అంతే తీవ్రంగా అదే తీరం మీద పడింది, లక్షలమందిని ముందే ఖాళీ చేయించారు. పోయినవాళ్లు వెయ్యిలోపు. షెల్టరుకు సిమెంటు కలిపే రోజున ఆకాశం నిర్మలంగానే ఉండి ఉంటుంది. మార్కు సువార్త మెలకువగా ఉండమన్నది ఇలాంటి మెలకువ గురించే అని నమ్ముతాను.

నాలుగు కొవ్వొత్తులు

ఇంట్లో ఆగమన కాలం పాటించాలనుకునేవాళ్లకు కొవ్వొత్తుల చక్రం మంచి సాధనం. దీన్ని ఇప్పటి రూపంలో మొదలుపెట్టినవాడు హాంబుర్గ్ లూథరన్ పాస్టరు యోహాన్ హిన్రిచ్ విచెర్న్, 1839లో, తాను నడిపే పేదపిల్లల ఆశ్రమంలో. బండిచక్రం మీద ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు 20 చిన్న ఎర్రవి. ఆ ఏడు డిసెంబరు 1 ఆదివారమైంది కాబట్టి మొత్తం 24. పండగ ఇంకా ఎన్నాళ్లని అడిగే పిల్లలకు ఎన్నాళ్లో కళ్లకు చూపించడానికి పెట్టింది. మూడేళ్లకు, 1842లో, ఇక్కడి లూథరన్ సంఘానికి పునాది వేసిన మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టాడు.

చేసే పద్ధతి. 12 అంగుళాల స్టీలు పళ్లెం, అందులో రెండంగుళాల మందాన తడి ఇసుక. ఇసుక బరువు వల్ల కొవ్వొత్తులు పడవు, నిప్పురవ్వ పడినా ఆరిపోతుంది. చుట్టూ ఆకుపచ్చకు మన దగ్గర దొరికేది సరుగుడు. కోసిన నాలుగైదు రోజులకు ఎండి భగ్గున అంటుకునే గుణం వస్తుంది, అందుకని ప్రతి శనివారం కొమ్మలు మార్చాలి. వెలిగించే వత్తికి నాలుగంగుళాల దూరంలో ఏ రెమ్మా ఉండకూడదు. ఊదారంగు కొవ్వొత్తులు దొరక్కపోతే తెల్లవాటి మొదట్లో ఊదా రిబ్బను కట్టండి, మంట దగ్గరికొచ్చేసరికి విప్పెయ్యండి. మూడో ఆదివారానికి గులాబీ రంగు.

చాలా ఇళ్లలో చెడేది లెక్క దగ్గర. మొదటి వారం కొవ్వొత్తి నాలుగు వారాలూ వెలగాలి. రోజుకు పావుగంట చొప్పున 28 రోజులకు ఏడు గంటలు. అంగుళం కంటే కాస్త సన్నగా ఉండే కొవ్వొత్తి గంటకు సుమారు అంగుళం కరుగుతుంది కాబట్టి ఎనిమిది అంగుళాలది సరిపోతుంది. కరెంటు పోతే వెలిగించే సన్నవి త్వరగా అయిపోతాయి. అవైతే మొదటి స్థానానికి రెండు మూడు దగ్గర పెట్టుకోవాలి. ఫ్యాను ఆపాలి, గాలికి మైనం ఒకవైపే కారి ఒత్తి కుంగిపోతుంది. ఆగమన కాలం ప్రతి ఏడూ 28 రోజులుండదు. 24వ తేదీ ఆదివారమైతే నాలుగో కొవ్వొత్తికి ఆ ఒక్క రోజే.

వెలిగించాక చదివేది తక్కువ ఉండాలి. మొదటి వారం యిర్మీయా 28, 29. రెండో వారం యెషయా 40. మూడో వారం యిర్మీయా 32 మొదటి పదిహేను వచనాలు. నాలుగో వారం లూకా ఒకటిలో మరియ పాట. ఒక్కో వారం అదే భాగం ఏడుసార్లు చదవండి. పిల్లలు నాలుగో రోజుకు సగం అప్పజెబుతారు. మూడో వారం ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక "పొలం" ఎంచుకోవాలి. పక్కవీధి పిల్ల పదో తరగతి పరీక్ష దాకా ట్యూషను ఫీజు కావొచ్చు, డయాలసిస్‌కు వెళ్లే ముసలాయనకు వారంలో ఒకరోజు ఆటో కావొచ్చు. ఫలం ఈ డిసెంబరులో కనపడకూడదు, అది నియమం. ఎంత, ఎన్నాళ్లు, ఎవరు చూస్తారు అన్నది కాగితం మీద రాసి, ఇద్దరు సంతకాలు పెట్టి, బైబిల్లో ఉంచండి.

పండగ లేని ఇల్లు

క్యారల్స్‌కు బయల్దేరే యూత్ దగ్గర ఇళ్ల జాబితా ఉంటుంది. ఆటోలో స్పీకరు, డప్పు, శాంటా వేషం. వీధిలో ఒక ఇల్లు వచ్చేసరికి ఎవరో అంటారు, "ఈ ఏడు వాళ్లింట్లో పండగ లేదురా," అని. ఆ ఇంటి మీద స్టారు ఉండదు. పాట ఆపి, కొంచెం దూరం నడిచి, మళ్లీ ఎత్తుకుంటారు. ఏటిసూతకం మనం బాప్తిస్మంలో వదిలేశామని చెప్పుకున్నా, చావు జరిగిన ఇంట్లో ఏడాది పండగ చేసుకోకపోవడం చాలా క్రైస్తవ కుటుంబాల్లో ఉంది. ఆ కుర్రాళ్లు చేసేది మర్యాదతోనే. కానీ ఆగమన కాలం అనేది ఎవరికోసమైనా ఉందంటే ముందు ఆ ఇంటికోసం ఉంది.

అందుకని క్యారల్స్ కంటే వారం ముందు అక్కడికి వెళ్లాలి. నలుగురు చాలు, వాళ్లలో ఒకరైనా ఆ చనిపోయిన మనిషిని ఎరిగినవాళ్లు. పగలు ఫోను చేసి, "అక్కా, సాయంత్రం ఆరింటికి వస్తాం, పది నిమిషాలుంటాం, ఏమీ పెట్టొద్దు," అని చెప్పాలి. కేకు తీసుకెళ్లకూడదు, కానుక డబ్బా తీసుకెళ్లకూడదు, ఫొటో తీయకూడదు. ఒక కొవ్వొత్తి వెలిగించి 130వ కీర్తన చదవాలి, ఎనిమిది వచనాలు. పోయినవాళ్ల పేరు పైకి పలకాలి. "దేవుడు మంచివాళ్లనే ముందు తీసుకెళ్తాడు" అనొద్దు, సాక్ష్యాలు చెప్పొద్దు. ఆమె ఏడిస్తే ఏడవనివ్వాలి. ఆమె కోపంగా ఉంటే 88వ కీర్తన కూడా బైబిల్లోదేనని గుర్తుంచుకోవాలి. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగిసే ఆ కీర్తనకు కింద ఎవరూ ఓదార్పు వచనం అతికించలేదు. ఇక్కడ సాధారణంగా చెడేది ఒకటే: వెళ్లినవాళ్లలో ఎవరో ఒకరు మౌనం భరించలేక ప్రసంగం మొదలుపెడతారు. ఎవరు ప్రార్థిస్తారో, ఎన్ని వాక్యాలో ముందే అనుకుంటే ఇది జరగదు.

క్యారల్స్ సంగతీ అంతే. 16 లేక 17 నుంచి మొదలుపెడితే వారం పైన దొరుకుతుంది. వార్డును మూడు జట్లుగా పంచుకుంటే రాత్రి పదికల్లా ముగించొచ్చు. పది దాటాక స్పీకరు చట్టం ప్రకారమే కూడదు, పైగా ఆస్పత్రుల వీధుల్లో రోగులుంటారు. మొదటి రెండు ఆదివారాల ఆరాధనలో క్రిస్మస్ పాటలు లేకుండా చూడండి అని పాస్టరుగారిని, లూథరన్లైతే అయ్యగారిని, అడగడం పెద్ద కోరికేమీ కాదు. ఆ రెండు ఆదివారాలూ విజ్ఞాపన ప్రార్థనలో ఊరి కష్టాలను పేరుపేరునా చెప్పమనండి: ముంపు కాలనీ పేరు, తడిసిన చేల ఊరి పేరు, మణిపూర్, గాజా. "లోకంలో బాధపడుతున్నవారందరినీ" అని ఒక్క ముక్కలో సరిపెట్టొద్దు.

ఇవన్నీ డిసెంబరులో అడిగితే కుదరవు. సెమీ క్రిస్మస్ తేదీలు, వచ్చే అతిథులు, సౌండ్ సిస్టం అడ్వాన్సు నవంబరు రాకముందే ఖరారైపోతాయి. అక్టోబరు సంఘపెద్దల మీటింగులోనే ఈ సంగతి కాగితం మీద రాసి పెట్టాలి: రెండు ఆదివారాలు, చావు జరిగిన ఇళ్ల జాబితా, ఒక్కో ఇంటికి వెళ్లే నలుగురి పేర్లు.